మజ్జిగ తొట్టి

మిరప తొడిమలు తీసే ఆడవాళ్ళు పిల్లల్ని ముట్టుకునే ముందు చేతులకు పుల్ల మజ్జిగ పట్టించి కడుక్కుంటారు. ఉత్త నీళ్ళకు ఆ మంట పోదు. అమ్మ కూలికి వెళ్ళిన షెడ్డు గుమ్మంలోనూ ఒక మజ్జిగ తొట్టి ఉండేది. దాని దగ్గరికి ఎవరు లేచినా షావుకారు అరిచేవాడు.

నాకు నాలుగేళ్ళప్పుడు అక్కడ బస్తాల మీంచి పడి ఏడ్చాను. అమ్మ తొట్టి వైపు లేచింది.

"ఏమే, స్నానానికి పోతున్నావా? కూర్చో!"

అమ్మ కూర్చుంది. నన్ను ఒళ్ళోకి లాక్కుని, కంగారులో ఆ చేత్తోనే నా కళ్ళు తుడిచింది. నా కేకలకు అందరూ లేచి నిలబడ్డారు. ఆయన నవ్వాడు.

"మిరపకాయల్లో పెరిగే పిల్లేగా, అలవాటైపోద్దిలే."

నా ఎడమ కన్ను ఇప్పటికీ ఎండలో నీరు కారుతుంది. ఆ నవ్వును నేను మర్చిపోలేదు, మర్చిపోవాలని అనుకోనూ లేదు.

అమ్మ మళ్ళీ ఆ షెడ్డుకు వెళ్ళలేదు. మా పేటలో చర్చి వెనక అద్దె గదిలో మర పెట్టి కారం ఆడించింది. చిలకలూరిపేట హైవే హోటళ్ళకు తనే మోసుకెళ్ళింది. "మీ చేతి కారమా?" అని మొహం తిప్పుకున్నవాళ్ళే తర్వాత ఫోన్ చేసి తెప్పించుకున్నారు. నా డిగ్రీ అయ్యేసరికి మాకు సొంత ఫ్యాక్టరీ ఉంది.

షావుకారు వ్యాపారం దెబ్బతిని ఆ షెడ్డు అమ్మకానికొస్తే అమ్మే కొంది. కూలగొట్టమన్నాను. వినలేదు. అందులోనే కూలీల పిల్లల కోసం ఉయ్యాలలు, పాలు, ఆయాలు పెట్టించింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. గుమ్మంలో మజ్జిగ తొట్టి, పక్కనే కుళాయి. చేతులు కడుక్కోందే ఎవరూ లోపలికి రాకూడదు. చూసుకునేది నేనే. నా పాప కూడా అక్కడే పెరుగుతోంది. అది కళ్ళు నులుముకుంటే చాలు, నాకు ప్రాణం పోయినంత పనవుతుంది. ఇది రాస్తూ కూడా లేచి వెళ్ళి చూసొచ్చాను.

పోయిన నెల షావుకారు కోడలు మా ఆఫీసులో లెక్కలు రాసే పనికి చేరింది. మనవరాలిని ఉయ్యాలల దగ్గర వదలడానికి ఆయనే ఎత్తుకుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు.

"పాపని ఇలా ఇచ్చి చేతులు కడుక్కోండి."

"నేను కాయ ముట్టలేదమ్మా."

"రూలు అందరికీ ఒకటేనండి."

కుళాయి కింద కడుక్కున్నాడు.

"మజ్జిగతో."

వంగి తొట్టిలో చేతులు ముంచాడు. కూలీలంతా చూస్తున్నారు.

"ఇంకోసారండి."

"ఏందమ్మా ఇది, ఈ వయసులో?"

"అలవాటైపోద్దిలెండి."

ఆయన తల ఎత్తి, ఎండకు నీరు కారుతున్న నా ఎడమ కన్ను వైపు చూశాడు. అప్పుడు గుర్తుపట్టాడు.

సాయంత్రం అమ్మ కేకలేసింది. "నీ కోపం ఆ బిడ్డ మీద చూపించమాక!"

"బిడ్డకేం? నా పాప పక్క ఉయ్యాలలోనే పడుకోబెట్టా. తాత సంగతి నాకొదిలెయ్."

మర్నాడు ఆయన ఇంట్లోనే కడుక్కుని, మనవరాలిని చంకనేసుకుని, తడి చెయ్యి నాకు కనపడేలా చాపుకుంటూ వచ్చాడు. పాపను అందుకుని తొట్టి చూపించాను.