రైలు రాని సీమకు రెండంతస్తుల వంతెన

డెబ్బైల చివర్లో నేను అమలాపురంలో వంతెనల ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. మా ఆవిడ గోదావరి పాయకు అవతల, రాజోలు వైపు ఒక పల్లెలో పంతులమ్మ. మధ్యలో నది, నది మీద పంటు. ఆ పంటు ఎప్పుడు కదులుతుందో నడిపేవాడికే తెలియదు. జనం, సైకిళ్ళు, గేదెలు, కనీసం ఒక జీపు ఎక్కితే గాని కదలదు. చీకటి పడితే అసలే లేదు. అందుకని ఆమె బడి దగ్గరే గది అద్దెకు తీసుకుంది. శనివారం సాయంత్రం వచ్చేది, ఆదివారం చర్చి అయ్యాక అన్నం తిని మళ్ళీ రేవుకు నడిచేది. మిగతా వారమంతా నేను మా ఇద్దరి మధ్యా వంతెన గీస్తూ కూర్చునేవాణ్ణి. దానికి ప్రభుత్వం జీతం కూడా ఇచ్చేది.

బదిలీ కోసం ఆమె ఎప్పుడు వెళ్ళినా, "వంతెన వచ్చేస్తోంది కదమ్మా" అని ఆఫీసులో పెద్దలు కాఫీ ఇచ్చి మర్యాదగా పంపించేసేవారు.

మా ఇంజనీరు గారు హైదరాబాదు మనిషి. ఏదో విదేశీ పత్రికలో ఒక వంతెన బొమ్మ చూసి మనసు పారేసుకున్నారు. నదిలో రెండు ఎత్తైన స్తంభాలు, వాటి కొసల నుంచి ఏటవాలుగా దిగే ఉక్కు తీగలు, ఆ తీగలు పట్టుకుని నిలబడే రెండంతస్తుల వంతెన. పైన బస్సులు, కింద రైలు. కోనసీమలో రైలు పట్టా అన్నది మచ్చుకైనా లేదని మనవి చేశాను.

"వంతెన ఉంటే రైలు అదే వస్తుందయ్యా" అన్నారాయన.

గీశాను. తీగ తీగకూ పొడవు వేరు, మోసే బరువు వేరు. ఒకదాని లెక్క మారితే మిగతావన్నీ చెరిపి మళ్ళీ మొదలుపెట్టాలి. నెలల తరబడి అదే పని. నిజం చెప్పాలంటే బొమ్మ చాలా అందంగా ఉండేది, నాకూ దాని మీద ప్రేమ పుట్టింది. ఇబ్బందల్లా ఒడ్డున. రైలు నిటారుగా ఎక్కలేదు గనక, వంతెన ఎత్తు అందుకోవడానికి గట్టు ఎక్కడో దూరాన మొదలై కొబ్బరితోటల మధ్య నుంచి రావాలి.

ప్రజల అభిప్రాయం తెలుసుకుందామని ఆయన అవతలి ఒడ్డున తోటల వాళ్ళను సమావేశపరిచారు. ఒక పెద్దమనిషి గారి అరుగు మీద బొమ్మ పరిచాం.

"అద్భుతంగా ఉందండీ! మా సీమకి ఇంతకంటే ఏం కావాలండీ?" అన్నారు పెద్దమనిషి గారు.

"గట్టు మీ తోటల్లోంచే వస్తుంది మరి" అన్నారు ఇంజనీరు గారు.

"ఆయ్, దాందేముందండీ. ముందు తవరు లేచి భోంచెయ్యండి."

మా సీమలో ఇంటికొచ్చిన మనిషికి విస్తరి ముందు కాదన్న మాట చెప్పరు. ఆ సంగతి ఇంజనీరు గారికి తెలియదు. నాకు తెలుసు గాని, నేనూ ఆ సీమవాణ్ణే, పైగా పక్క విస్తరి నాదే. జీపెక్కాక ఆయన తృప్తిగా, "జనం పూర్తిగా మనవైపే" అన్నారు.

మార్చి నెలాఖరులో సర్వేవాళ్ళు పోవలసిన కొబ్బరిచెట్లకు సున్నంతో గుర్తులు వేశారు. మర్నాటికి తోటల్లో ఒక్క గుర్తూ లేదు.

"వానకి పోయుంటాయండీ" అన్నారు తోటలవాళ్ళు, బొండాలు కొట్టి చేతికిస్తూ.

మండుటెండలు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. మళ్ళీ వేశాం, మళ్ళీ వాన పడింది. చిత్రమేమిటంటే, ప్రభుత్వ పుంతదారి పక్కనున్న చెట్ల మీద మాత్రం ఆ వాన చుక్క కూడా పడలేదు. ఇంజనీరు గారు లోతుగా ఆలోచించి, సున్నం నాణ్యత బాగాలేదని తేల్చారు.

ఆ శనివారం మా ఆవిడ వేళ్ళు పగిలి ఉన్నాయి. ఏమైందని అడిగాను.

"సున్నమండీ. గది అద్దెకిచ్చిన పిన్నిగారు నడుం పట్టేసి వంగలేకపోతున్నారు. చెట్లు కడగాలి, కాస్త సాయం పట్టమ్మా అన్నారు. పెద్దావిడ నోరు తెరిచి అడిగితే కాదని ఎలా అంటానండీ?"

"అది మన వంతెనే!"

"తెలుసండీ. కడుగుతున్నంతసేపూ ఏడుపొచ్చింది. అయినా కడిగేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో మాత్రం తెలియలేదు. మర్నాడు రేవుదాకా ఇద్దరం మాట్లాడుకోకుండానే నడిచాం. ఉన్న ఒక్క పూటనూ అలకతో పోగొట్టుకున్నామని పంటు కదిలాక తెలిసింది.

గుర్తులు నిలవలేదు. రెండంతస్తులూ, తీగలూ హైదరాబాదులో ఏదో బీరువాలోకి వెళ్ళిపోయాయి. ఇంజనీరు గారికి బదిలీ అయితే ఆ తోటలవాళ్ళే ఘనంగా విందు చేసి, శాలువా కప్పి సాగనంపారు. తరువాత వచ్చినాయన బస్సులు పోయే మామూలు వంతెన చాలన్నారు. ఎనభైలన్నీ దానికే పోయాయి. నది ఇసుకలో పునాదికి పెద్ద కాంక్రీటు బావులు కట్టి, లోపలి ఇసుక తోడుతూ కిందికి దించాలి. ఒక బావి ఒరిగితే దాన్ని నిలబెట్టేసరికి వరద వచ్చేది. ఈలోగా మాకు పాప పుట్టింది, తల్లి దగ్గరే పెరిగింది. దానికి నాన్న అంటే శనివారం కనబడే మనిషి.

చివరికి వంతెన తెరిచారు. ఆ సాయంత్రం అవతలి నుంచి మా ఆవిడ, ఇవతలి నుంచి నేను నడిచి, మధ్యలో కలుసుకున్నాం. సోమవారం నుంచి బడికి ఇంటి నుంచే బస్సులో వెళ్తానని, పాపను ఇక్కడి బడిలో వేద్దామని ఆమె గబగబా చెప్పుకుపోతోంది. చెప్పనిచ్చాను. తరువాత నా సంగతి చెప్పాను. వంతెన పూర్తయ్యాక వంతెనల ఆఫీసుకు ఇక్కడ పనేముంది? దాన్ని ఎత్తేశారు. నన్ను శ్రీకాకుళం వైపు, వంతెన లేని ఇంకో నదికి వేశారు.

ఆమె వంతెన కమ్మీ పట్టుకుంది.

"అక్కడ మీ ఆఫీసు ఏ ఒడ్డునండీ?"

చెప్పాను.

"అయితే నన్ను అవతలి ఒడ్డుకి వేస్తారు లెండి" అంది.

నవ్వుతుందేమోనని మొహంలోకి చూశాను. నవ్వలేదు.