డెక్క గారి పుస్తకంలో నా దిద్దుబాట్లు

ఇంటర్నెట్టు అంటే ఇంట్లో ఉండేది కాదు, గంట లెక్కన వెళ్ళి కూర్చుని వచ్చేది అనుకునే రోజులవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. గుండుగొలను నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి ఏలూరు వచ్చి, ఒక డీటీపీ సెంటర్లో పెళ్ళి శుభలేఖలు, చర్చి పాటల పుస్తకాలు, దశదినకర్మ కార్డులు టైపు చేసేదాన్ని. ఏలూరు మొత్తంలో నా అంత వేగంగా తెలుగు కొట్టేవాళ్ళు లేరని నా నమ్మకం. (మా ఓనరు గారి నమ్మకం వేరు. ఒకసారి శుభలేఖలో పెళ్ళికొడుకు పేరు ముందు చి.ల.సౌ. అని పెట్టి, మూడొందల కార్డులు అచ్చయ్యేదాకా గమనించలేదు. అప్పటి నుంచి ఆయన నా పని అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివేవారు.) సాయంత్రం పని ముగిశాక బస్సుకి ఇంకా గంట ఉండేది. ఆ గంటా ఎదురుగా ఉన్న నెట్ సెంటర్లో, మోకాళ్ళు కూడా పట్టని చెక్క గదిలో కూర్చుని తెలుగు బ్లాగులు చదువుకునేదాన్ని.

ఆ బ్లాగుల్లో నా ప్రాణం ఒకటుంది. రాసేవారు పెట్టుకున్న పేరు గుర్రపుడెక్క. మా వైపు కాలవల్నీ కొల్లేటినీ కప్పేసే, ఊదారంగు పూలు పూసే ఆ కలుపు మొక్క పేరు ఎవరైనా ముద్దుగా పెట్టుకుంటారా? ఆవిడ పెట్టుకున్నారు. ప్రతి సోమవారం ఒక కథ. చేపల చెరువు కాపలా తాతలు, గట్టు తెగిన రాత్రి జనం పెట్టే పరుగులు, పడవలో పెళ్ళికి వెళ్ళి పొరపాటున వేరే పెళ్ళిలో భోంచేసి వచ్చినవాళ్ళు. చదువుతూ నేను నవ్వితే పక్క గదిలోంచి ఎవరో ఒకరు చెక్క మీద కొట్టేవారు. ఆ కథల అభిమానులం పాతిక మందిమి కలిసి ఒక మెయిల్ గుంపు పెట్టుకున్నాం. రోజూ చూస్తూ ఉంటాను కదా అని దాని నిర్వహణ నాకప్పగించారు. నాకు జీవితంలో వచ్చిన మొదటి పదవి అది. కథల్లో బూతులూ బీడీలూ మోటారు ఇంజన్లూ ఉండటం వల్ల, రాసేది మగవారే అని మేమంతా ఎవరూ చెప్పకుండానే తేల్చేసుకున్నాం. పేరుని డెక్క గారు అని కుదించి, 'ఆయన కలం', 'ఆయన చమత్కారం' అంటూ పేజీలకి పేజీలు పొగిడాం. అందరికంటే ఎక్కువ పొగిడింది నేనే.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. గుంపులో చేరేటప్పుడు పేరు అడిగిన గడిలో నా పేరు రాయడానికి భయపడి ఊరి పేరు రాశాను. దాన్ని జనం కుదించి కుదించి చివరికి 'గుండు' చేశారు. గుండు తమ్ముడు. (నాకప్పుడు నడుం దిగే జడ ఉండేది.) ఆడపిల్లని తెలిస్తే ఎలాంటి ఉత్తరాలు వస్తాయో అంతకుముందు ఇంకో చోట రుచి చూశాను గనక, తమ్ముడూ అంటే తమ్ముణ్ణేనని ఏడాదిపాటు పలికాను. విజయవాడ నుంచి రాసే ఒకాయన ఉండేవారు. అందరినీ 'బావా' అనేవారు గనక ఆయన్ని మేం బావగారు అనేవాళ్ళం. ఆయనైతే నాకు పెళ్ళి సంబంధం కూడా చూస్తానన్నారు, పిల్లది ముదినేపల్లి అట.

ఒక సోమవారం కథ రాలేదు. దాని బదులు చిన్న ఉత్తరం వచ్చింది. "ఇన్నాళ్ళూ మీరంతా నన్ను ఆయన అంటున్నారు. తప్పు మీది కాదు, నేను చెప్పలేదు. మా ఇంట్లోనూ కొడుకనే పెంచారు. నేను ఆడదాన్నని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. నేను చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తాను. అక్కడ ఈ మాట చెప్పుకునే వీలు లేదు. ఇక్కడైనా నన్ను ఆవిడ అనండి. కథ మిగతా భాగం వచ్చే వారం యథాప్రకారం వస్తుంది. గట్టు తెగిందా లేదా అని ఎవరూ ముందే అడక్కండి."

ఆ సాయంత్రం గుంపులో గోల మొదలైంది. ఒకడు ఒక మాట రాశాడు, అది ఇక్కడ రాయను. ఆ ఉత్తరాన్నీ, దాన్ని పంపినవాణ్ణీ రెండు నొక్కుల్లో తీసేశాను. బావగారు మాత్రం మర్యాదగానే అడిగారు. "ఏడాదిగా అలవాటైన నోరు ఒక్కసారిగా ఎలా తిరుగుతుందండీ? మనకి కథ ముఖ్యం గానీ ఇవన్నీ ఎందుకు?" చాలామంది అవునన్నారు. నిర్వాహకురాలిగా నేనేదో ఒకటి చెయ్యాలి. మా గోదావరి వైపు ఒక సౌకర్యం ఉంది. ఎవరినైనా గారు, వారు అనేసి చివర ఒక అండీ తగిలిస్తే, ఆడా మగా తేల్చకుండానే పొద్దు గడిపేయొచ్చు. నేనదే చేశాను. 'వారి కథ వచ్చిందండీ. వారు అద్భుతంగా రాశారండీ.' ఎవరినీ నొప్పించకుండా ఎంత తెలివిగా నెట్టుకొస్తున్నానో అని రెండు వారాలు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మూడో వారం డెక్క గారి నుంచి నా ఒక్కదానికే ఉత్తరం వచ్చింది. "గుండు గారూ, మీరు చాలా మర్యాదగా రాస్తున్నారండి. కానీ మిగతా అందరినీ ఆయన, ఆవిడ అని రాసి, నా దగ్గరకొచ్చేసరికే వారు అంటున్నారు. లెక్కపెట్టాను, పదకొండు చోట్ల. తిట్టినవాడి కంటే మీరే నయం, కాదనను. కానీ ఒక్క చోటైనా ఆ మాట వినాలనే కదండీ చెప్పుకున్నది. ఇక్కడ కూడా కుదరదంటే ఈ కథ ముగించి రాయడం ఆపేస్తాను. కోపం లేదండి."

ఆ చివరి రెండు మాటలూ మళ్ళీ మళ్ళీ చదివాను. తిట్టి ఉంటే ఏదో ఒక జవాబు రాసేదాన్ని. ఆ రోజు బస్సు తప్పిపోయింది. మర్నాడు షాపులో ఎవరిదో గృహప్రవేశం కార్డు టైపు చేస్తూ 'తమ్ముడూ' అని కొట్టాను, ఎందుకు కొట్టానో తెలీదు. ఆ మాటకేసి చూస్తూ కూర్చుంటే అప్పుడు తట్టింది నాకు. సాయంత్రం నెట్ సెంటర్లో కూర్చుని గుంపుకి రాశాను. "అందరికీ నమస్కారమండి. నేను గుండు తమ్ముణ్ణి కాదు. గుండుగొలను అమ్మాయిని. భయపడి చెప్పలేదు. ఇక మీదట అలా పిలవకండి." అంతే రాసి పంపి, అక్కడే కూర్చున్నాను.

గంట తిరక్కుండా తొమ్మిది జవాబులు. అన్నిటికంటే ముందు బావగారిదే. "అయ్యో చెల్లెమ్మా, ఎంత పొరపాటు. తెలీక తమ్ముడూ అనేశాను, ఏమీ అనుకోకమ్మా. ఆ ముదినేపల్లి సంగతి మర్చిపో." నేను మళ్ళీ రాశాను. "బావగారూ, ఏడాదిగా అలవాటైన మీ నోరు నాకోసం గంటలో తిరిగిందండి. మీరు నన్ను చూడలేదు. నా గొంతు వినలేదు. నేను చెప్పానని నమ్మారు, అంతే. డెక్క గారు కూడా చెప్పారు కదండీ. ఆవిడ మాటెందుకు నమ్మరు?"

రెండు రోజులు గుంపులో ఎవరూ పలకలేదు. నా పదవితో పాటు గుంపు కూడా పోయిందనుకున్నాను. మూడో రోజు మాస్టారి ఉత్తరం వచ్చింది. తాడేపల్లిగూడెంలో రిటైరైన తెలుగు మాస్టారు ఆయన. మేం రాసిన ఉత్తరాల్లో అచ్చుతప్పులు పట్టి వెనక్కి పంపేవారు. అందరికంటే ఎక్కువ భయం నాకు ఆయనంటేనే. "నా పాత ఉత్తరాల్లో డెక్క గారిని ఆయన అని రాసిన చోటల్లా ఆవిడ అని దిద్దుకుని చదవగలరు. ముప్పై ఏళ్ళు పిల్లల తప్పులు దిద్దాను. నాది నేను దిద్దుకోవడానికి నామోషీ ఏముంది." ఆ వెనకే బావగారిది ఒక్క ముక్క. "డెక్క గారి కథ ఇంకా రాలేదేంటండీ, ఆవిడ ఈ వారం ఆలస్యం చేస్తున్నారు." క్షమాపణ అన్న మాట అందులో ఎక్కడా లేదు. కానీ మగవాళ్ళ క్షమాపణ ఇంతకంటే స్పష్టంగా ఉండటం నేను తర్వాత పెళ్ళయ్యాక కూడా చూడలేదు.

ఆ ఊపులో మాస్టారు ఒక ఆలోచన చెప్పారు. కథలన్నీ కలిపి యాభై కాపీలు చిన్న పుస్తకం వేద్దాం, చివర పాఠకుల ఉత్తరాలు పెడదాం, అందరం తాడేపల్లిగూడెంలో మా ఇంటి మేడ మీద కలుసుకుందాం అని. రెండో శనివారం అనుకున్నాం. (ఆదివారమైతే చర్చి మానేస్తానంటే మా అమ్మ ఒప్పుకోదు.) టైపింగు సహజంగానే నాది. పాత ఉత్తరాల నిండా 'ఆయన ఎంత బాగా రాశాడు' లాంటివే, అందులో సగం నేను రాసినవి. ఒక్కొక్కటీ చదివి దిద్దడం నా స్థాయికి తక్కువ అనిపించింది. ఫైండ్ అండ్ రీప్లేస్ అని ఒకటుంది కదా. 'ఆయన' అన్న చోటల్లా 'ఆవిడ', మాట చివర 'ఆడు' అన్న చోటల్లా 'ఇంది' పెట్టమని కంప్యూటర్‌కి చెప్పాను. ఫైలంతా ఒక్క క్షణంలో మార్చేసింది. ఆ రోజు మా ఓనరు గారు కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చారు.

రెండో శనివారం మాస్టారి మేడ మీద పద్నాలుగు కుర్చీలు, పెద్ద గిన్నె నిండా పులిహోర. బావగారు నన్ను చూసి "ఈ జడేనా మేం గుండు అన్నది" అని నవ్వారు. పదకొండు గంటలకి మెట్ల మీద చప్పుడైంది. లేతనీలం నూలు చీర కట్టుకుని, భుజాన సంచీతో డెక్క గారు గుమ్మంలో ఆగిపోయారు. చీర కట్టుకుని పగటిపూట ఇంతదూరం రావడం అదే మొదటిసారని తర్వాత చెప్పారు. మాస్టారు లేచి నిలబడి "రండమ్మా, మీ కోసమే చూస్తున్నాం" అన్నారు. మేమందరం లేచాం.

స్వాగతం చెప్పడం నా వంతు. గుండుగొలను నుంచి బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చాను. గొంతు సవరించుకుని, "ఈ రోజు మన మధ్యకి వచ్చిన డెక్క గారి గురించి చెప్పాలంటే, ఆయన..." అన్నాను. అందరికీ పాఠం చెప్పిన నేనే. బావగారు వెంటనే నెమ్మదిగా "ఆవిడ, చెల్లెమ్మా" అన్నారు. ఆయన మొహంలో అంత తృప్తి నేను మళ్ళీ చూడలేదు. "క్షమించండి, ఆవిడ" అన్నాను. డెక్క గారు తల ఊపి "కానివ్వండి" అన్నారు. కానిచ్చాను.

తర్వాత ఆవిడ కొత్త పుస్తకం తెరిచి ఒక కథ చదవడం మొదలుపెట్టారు. రెండో పేరాలో ఆగారు. మళ్ళీ చూశారు. పైకి చదివారు. "ఆ పింది పడవకి తింది కట్టేవింది లేడు." ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం అరికాళ్ళ నుంచి అర్థమైంది. ఆ పాడు పడవకి తాడు కట్టేవాడు లేడు. ఉత్తరాలొక్కటే కాదు, కథలన్నీ అదే ఫైల్లో ఉన్నాయి. ఆవిడ పేజీ తిప్పారు. "చెరువు కాపలా తాత గట్టు మీద నిలబడి మీసం దువ్వింది." ఇక చదవలేక పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నావైపు చూసి, "ఏవండీ గుండు గారూ, నన్నొక్కదాన్నే మార్చమన్నానండి. కొల్లేరంతా మార్చమన్లేదు" అన్నారు.

మేడ కూలిపోతుందేమో అన్నంత నవ్వు. భూమిలోకి దిగిపోతే బాగుండునని నేను నిలబడితే, మాస్టారు లోపలికెళ్ళి ఎర్ర కలాల పెట్టె తెచ్చి తలా ఒకటి పంచారు. పులిహోర ప్లేట్లు పక్కన పెట్టుకుని యాభై పుస్తకాలూ నేల మీద కూర్చుని చేత్తో దిద్దాం. బావగారు ఒక్కో తప్పు దొరికినప్పుడల్లా పైకి చదివి దిద్దారు. దిద్దుతూ దిద్దుతూ "ఇక్కడ ఆవిడ సరిగ్గానే ఉంది, దీన్ని ముట్టుకోకండి" అని పక్కవాళ్ళకి చెప్పారు. ఆ ఎర్రగీతల పుస్తకం నా దగ్గర ఇంకా ఉంది. అచ్చు చెడగొట్టిన పుస్తకాల్లో నేను గర్వపడేది అదొక్కటే.

సాయంత్రం ఏలూరు బస్సు ఇద్దరం కలిసి ఎక్కాం. డెక్క గారు అలవాటుగా వెనక్కి నడవబోతే కండక్టరు చూసి, "వెనక్కెళ్తారేంటమ్మా, ముందు లేడీస్ సీట్లు ఖాళీగా ఉన్నాయి కదా" అన్నాడు. ఆవిడ ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత వచ్చి కూర్చున్నారు. ఎవరైనా ఏమైనా అంటే చెప్పడానికి నేను బాగా పెద్ద ఉపన్యాసం సిద్ధం చేసుకుని, గడ్డం ముందుకు పెట్టి పక్కనే కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. ఉంగుటూరులో ఎక్కిన ఒక ముసలావిడ బెండకాయల సంచీ తెచ్చి డెక్క గారి ఒళ్ళో పెట్టి, "కాస్త పట్టుకో అమ్మా, కొంగు సర్దుకుంటాను" అంది. కొంగు సర్దుకోవడం అయిపోయినా సంచీ వెనక్కి తీసుకోలేదు. డెక్క గారు కూడా ఇవ్వలేదు. భీమడోలు దాకా రెండు చేతులతో దాన్ని పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాతి రోజుల్లో ఆవిడకి అన్ని బస్సులూ అంత మంచివి కాలేదు, నా ఉపన్యాసం కూడా కొన్నిసార్లు బయటికి తియ్యాల్సి వచ్చింది. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు ముందు కనిపించేది ఆవిడ కాదు. అవసరమే లేని చోట, పోలీసు బందోబస్తులా బిగుసుకుని కూర్చుని, గుండుగొలను స్టాపు కూడా దాటించేసుకున్న ఆ ఇరవై రెండేళ్ళ పిల్ల. దిగి వెనక్కి రెండు మైళ్ళు నడిచింది. దారి పొడుగునా ఎంత గొప్పగా నడిచిందనుకున్నారు.