నెలకో రోజు

మా వైపు ఆడవాళ్ళ నోట గర్భస్రావం అన్న మాట నేనెప్పుడూ వినలేదు. అది వారపత్రికలో డాక్టరమ్మ జవాబులు రాసే పేజీలో ఉండేది. మా కళ్ళం మీదా బావి దగ్గరా "కడుపు పోయింది" అనేవాళ్ళు. చేద పోయింది, కొడవలి పోయింది అన్నట్టే, కడుపు పోయింది. కాస్త జాలిగల వాళ్ళు గొంతు తగ్గించి "నిలవలేదు" అనేవాళ్ళు. గేదెకు మాత్రం వేరే మాట ఉంది. చూడి గేదె నెలలు నిండకుండా దూడను వేసేస్తే "ఈచుకుపోయింది" అంటారు. ఆ మాట మనిషికి వాడితే పళ్ళు రాలగొడతారు. ఒకసారి వాడి చూశాను కనుక చెబుతున్నాను.

నాకు ఇలాంటివి తెలుసుకోవాలని మహా సరదా. పంచాంగం చెప్పడానికి వచ్చిన పంతులుగారిని అడిగితే ఆయన ఇంకా లెక్క తీశారు. నాలుగో నెల దాకా పోతే స్రావమట. అయిదూ ఆరూ అయితే పాతమట. ఆపైన ప్రసవమేనట, బిడ్డ బతికినా బతక్కపోయినా.

"ఇన్ని పేర్లు ఎందుకండీ?" అన్నాను.

"మైల ఎన్నాళ్ళో తేలాలి గదమ్మా. ఎన్నో నెలలో పోతే అన్ని రోజులు."

ఆ లెక్క మా ఇంట్లో బాగా నడిచేది. మైల ఉన్నన్నాళ్ళే మంచం. తలకు పోసుకుందంటే ఇక చేట పట్టుకోవాల్సిందే.

నేను కాపురానికొచ్చిన మూడో ఏడు, అరవైల మొదట్లో, ఫాల్గుణమాసంలో మా తోడికోడలికి కడుపు పోయింది. నాకంటే పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. మిరపకాయ కళ్ళమంతా ఎర్రగా పరిచి ఉంది. తాలుకాయలు ఏరాలి, కూలీలు దొరకడం లేదు. మా అత్తయ్య పంచలో నిలబడి వేళ్ళు మడిచింది.

"మార్గశిరంలో బయట కూర్చుంది. పుష్యం, మాఘం, ఫాల్గుణం. మూడు. శుక్రవారం తలకు పోసుకుని కళ్ళానికి రమ్మను."

ఏ కోడలు ఏ తిథినాడు బయట కూర్చుందో అత్తయ్యకు నోటికి వచ్చు. లోపల అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మొహంలో నెత్తురు లేదు, మార్చిన గుడ్డ మార్చినట్టే తడిసిపోతోంది. మూడు రోజుల్లో ఎండలో కూర్చుంటే ఈ మనిషి మిగలదని నాకు భయం పట్టుకుంది.

అబద్ధం నాకు కొత్త కాదు. మా మిరపకాయల ఘాటుకు దాచేపల్లి బస్సులో కండక్టరు తుమ్మీ తుమ్మీ టిక్కెట్టు పుస్తకం కాలవలో పారేసుకున్నాడని చెప్పి, నలుగురు కూలీల చేత నమ్మించినదాన్ని.

"మూడు కాదత్తయ్యా, అయిదు," అన్నాను.

"ఏందే అయిదు?"

"కార్తీకంలోనూ మార్గశిరంలోనూ అక్క ఊరికే బయట కూర్చుంది. పత్తి తీసేవాళ్ళకు వండి పెట్టలేక. అప్పటికే నెల తప్పింది. నాతో చెప్పింది."

అక్క నాతో ఏమీ చెప్పలేదు. అంత పని చేసే మనిషీ కాదు. ఆ పని చేసింది నేను, రెండుసార్లు.

అత్తయ్య నా వంక తిరిగింది. "ఊరికే కూర్చోవటం కూడా ఉందా మా ఇంట్లో? నువ్వూ కూర్చున్నావా?"

"నాకేం ఖర్మ, నేను పనిమంతురాల్ని గదా."

లోపల మంచం కిర్రుమంది. అక్క వింటోంది.

"అయిదు నెలల కడుపు కనపడదంటే?"

"అక్క సన్నం గదత్తయ్యా. మన గేదె ఈచుకుపోయేదాకా దాని కడుపు సంగతి మనకు తెలిసిందా? అక్కా అట్లాగే ఈచుకుపోయింది."

"నోరు ముయ్. అది పశువు, ఇది మనిషి."

"పశువును పదిహేను రోజులు కట్టు విప్పలేదు. పత్తిగింజలు రుబ్బి బెల్లం కలిపి పెట్టారు. మనిషికేమో మూడు రోజులు."

పళ్ళు రాలతాయనుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. అత్తయ్య చెయ్యెత్తలేదు. "అయిదయితే అయిదే," అని చేట తీసుకుని కళ్ళానికి వెళ్ళిపోయింది.

నేను లోపలికి వెళ్ళగానే అక్క అంది, "అబద్ధాలపుట్టా, నన్ను పనిదొంగను చేశావు గదే."

"చేశాను. రెండు రోజులు ఎక్కువ పడుకో."

నవ్వబోయి పొత్తికడుపు పట్టుకుంది.

అయిదు రోజులూ అయ్యాయి. వేణ్ణీళ్ళు తలకు పోసి లేవదీస్తే, అక్క గడప దాటుతూనే నా కొంగు పట్టుకుని కూలబడిపోయింది. అత్తయ్య చూసింది. ఇద్దరం కలిసి అక్కను మళ్ళీ మంచం ఎక్కించి, కళ్ళానికి వెళ్ళి కాయలు ఏరుతూ కూర్చున్నాం.

మా వెనకింటి దూదేకుల సాయిబు భార్య కూడా ఏరడానికి వచ్చింది. "మీ పెద్దకోడలు రాలేదేందక్కా? ఇయ్యాల్టితో మైల అయిపోయిందన్నారు గదా?" అని అత్తయ్యను అడిగింది.

నా దగ్గర ఒక పెద్ద అబద్ధం తయారుగా ఉంది, అందులో తేలు కూడా ఉంది. నోరు తెరిచాను.

"అయిపోలా," అంది అత్తయ్య, తల ఎత్తకుండా. "దానికి కాన్పయింది."

కాన్పు అన్నమాట మా వైపు బిడ్డ పుడితేనే అంటారు. తెరిచిన నోరు నాకు మూతపడలేదు.

"కాన్పా? ఏం బిడ్డ?"

"బిడ్డ లేదు. కాన్పయింది. ఇరవై ఒక్క రోజులు లేవదు."

ఆవిడ చేతిలో మిరపకాయను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. ఆవిడకూ రెండు పోయాయని ఊరందరికీ తెలుసు. పోయాయనే అనేవాళ్ళం.

కాసేపటికి అడిగింది, "కాయం పెడుతున్నారా మరి? నడుము గట్టిపడాలి గదా."

కాయం అంటే శొంఠీ పిప్పళ్ళూ దంచి, బెల్లమూ నెయ్యీ కలిపి చేసే బాలింత మందు. కడుపు పోయినవాళ్ళకు అది పెట్టడం నేను చూడలేదు.

"దంచుతున్నాం," అంది అత్తయ్య.

మా ఇంట్లో శొంఠికొమ్ము కూడా లేదు. నేను లేచి, ఆ కారం చేతులతోనే కొట్టుకు బయలుదేరాను.