అక్కని చెరువు చూపించడానికి తీసుకెళ్లారు

మొన్న ఆదివారం అమీర్‌పేటలో మెట్రో దిగి మెట్ల దగ్గరికి వస్తుంటే ఒకమ్మాయి చేతిలో రంగుల కాగితం పెట్టింది. కొండ, కొండ కింద చెరువు, గట్టున పసుప్పచ్చ డేరా. శనివారం వెళ్లి ఆదివారం వచ్చెయ్యచ్చట, చలిమంటా సూర్యోదయమూ అన్నీ కలిపేనట. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవయ్యేళ్లు దాటిన కోపం అది, ఆ అమ్మాయికేం తెలుసు పాపం! పైగా మళ్లీ పిలిచి, ఇద్దరికి తగ్గింపు కూడా ఉందని చెప్పింది.

అప్పట్లో మేం యూసుఫ్‌గూడలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లం. నాన్నకి బదిలీ అయ్యి గుంటూరు నుంచి వచ్చాం. సెల్‌ఫోన్లో అవతలివాళ్లు మాట్లాడినా మన డబ్బులే పోయే కాలం అప్పుడే పోయింది. అమీర్‌పేటలో గోడ రంగు ఏమిటో ఎవరికీ తెలీదు, అంతా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. నేనూ అక్కడే ఒక మూడో అంతస్తులో, ముందువాళ్ల తలకాయలు తప్ప బోర్డు కనిపించని క్లాసులో కూర్చుని జావా నేర్చుకునేదాన్ని. అక్క పంజగుట్టలో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పనిచేసేది. ఊళ్లో కొత్త జంటలందరినీ ఊటీకీ కొడైకెనాల్‌కీ సాగనంపిన మా అక్క తాను మాత్రం గండిపేట దాటి ఎరగదు. బల్కంపేట ఎల్లమ్మ గుడికి వెళ్లొస్తే అదే యాత్ర.

అక్కకి పెళ్లిచూపులంటే చచ్చేంత అసహ్యం. చివరిసారి వచ్చినవాళ్లు గదిలో ఆ గోడ నుంచి ఈ గోడ దాకా నడిచి చూపించమన్నారు. నడిచింది. వాళ్లు వెళ్లాక నాన్న దగ్గర ఒక్క మాట తీసుకుంది, తనకి చెప్పకుండా ఇంకెవర్నీ ఇంటికి తీసుకురాకూడదని. నాన్న సరేనన్నాడు. మాట తప్పని మనిషని మా వైపు ఆయనకి పేరు.

పంజగుట్ట బాబాయి, అంటే మా పిన్ని భర్త, ఎవరింట్లో ఏ పని ఆగినా తన భుజాన వేసుకునే రకం. తన ఆఫీసు కుర్రాళ్లు అనంతగిరి కొండలకి వెళ్తున్నారనీ, బండిలో చోటుందనీ, తనూ పిన్నీ కూడా వెళ్తున్నారు కాబట్టి పిల్లలిద్దర్నీ పంపమనీ ఒకరోజు వచ్చి చెప్పాడు. చీకటి పడితే వీధి చివర నిలబడి మాకోసం ఎదురుచూసే నాన్న, డేరాల్లో పడుకునే ప్రయాణానికి మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. అమ్మ అయితే అక్క కొత్త చుడీదారుని ఇస్త్రీకి స్వయంగా తీసుకెళ్లింది. అనుమానం రావాల్సింది అప్పుడే. కానీ చెరువు చూస్తానన్న సంబరంలో అక్కకి నిద్ర కూడా పట్టలేదు, ఇక అనుమానం ఎక్కడ పడుతుంది?

వికారాబాద్ దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ పైకెక్కడం మొదలెట్టింది. వాన వెలిసిన టేకు చెట్లు, తడిమట్టి వాసన, కిటికీలోంచి సగం బయటికి వచ్చేసిన మా అక్క. చెరువు మొదటిసారి కనిపించినప్పుడు బండి ఆపించింది. కుర్రాళ్లు ముగ్గురు. వాళ్లలో కళ్లజోడు అబ్బాయి పెద్దగా మాట్లాడేవాడు కాదు కానీ ప్రశ్నలు మాత్రం బాగా అడిగేవాడు. చలిమంటకి పుల్లలన్నీ తడిసిపోయి ఉంటే, అక్కే చితుకులు ఏరి, ఊది ఊది రాజేసింది. ఆ మసిచేత్తోనే ముక్కు తుడుచుకుని మొక్కజొన్న పొత్తులు కాల్చింది. దారి తప్పితే ఏం చేస్తారని అడిగాడొకడు. అయిదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారని అడిగాడింకొకడు. "ఇక్కడే, ఈ గట్టు మీదే" అని పడీ పడీ నవ్వింది అక్క. అమీర్‌పేట గాలి సోకినవాళ్లు కదా, ఇంటర్వ్యూల పిచ్చి అనుకున్నాం.

తెల్లారి నేను పళ్లు తోముకుంటుంటే ముగ్గురిలో హైదరాబాద్ అబ్బాయి వచ్చాడు. మంచివాడే, పాపం. "మీ అక్కకు జర చెప్పు చెల్లె, ఫికర్ చెయ్యొద్దని. మావోడికి మస్తు నచ్చింది. మేం సుత ఓకే అన్నం" అన్నాడు. దేనికి ఓకే అని అడిగాను. అతని మొహం మాడిపోయింది. "గదేంది, మీకు చెప్పలేదా? పెళ్లిచూపులు గాదా ఇవి?"

అక్క అప్పుడు నీళ్లలో ఉంది. కొత్త చుడీదారు మోకాళ్ల దాకా తడిసి, చున్నీ నడుముకి బిగించి, చిల్లపెంకుల్ని నీటి మీద గెంతించడానికి విసురుతోంది. ఒకటి బాగా గెంతితే తనకి తనే చప్పట్లు కొట్టుకుంటోంది. నేను వెళ్లి చెప్పాను. అక్క చున్నీ ముడి విప్పి, దులిపి, రెండు భుజాల మీదా సరిగ్గా సర్దుకుంది. ఆ సర్దుకోవడం చూసినప్పుడు వచ్చిన కోపమే నాకు ఇప్పటికీ ఉన్నది.

గట్టెక్కి నేరుగా బాబాయి దగ్గరికి వెళ్లింది. నాన్నకి తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. అమ్మకి? అమ్మకీ తెలుసు. పైగా నవ్వుతూ, "ఎవర్నీ ఇంటికి తీసుకురాలేదు కదమ్మా, మీ నాన్న మాటెక్కడ తప్పాడు?" అన్నాడు. ఆ తెలివికి మా పిన్ని కూడా నవ్వింది. అక్క కళ్లజోడు అబ్బాయి వైపు తిరిగి, "మీ తప్పేం లేదండి. మీకు చెప్పే తీసుకొచ్చారు. నాకు చెప్పలేదు కాబట్టి ఇది కుదరదు" అంది. అతను తల దించుకుని సారీ చెప్పాడు. ఆ ప్రయాణం మొత్తం మీద సారీ చెప్పింది ఆ ఒక్కడే.

ఇంటికొచ్చాక తిట్లన్నీ అక్కకే. బంగారంలాంటి సంబంధాన్ని కాలదన్నుకుందట, పెద్దవాళ్ల పరువు తీసిందట. అమ్మ రెండు రోజులు అన్నం మానేసింది. ఎవరికి ఎవరు ద్రోహం చేశారో ఆ ఇంట్లో ఒక్కరికీ అర్థం కాలేదు, నేను అరిచి చెప్పినా. తర్వాత అక్క తను మెచ్చినవాణ్ణే చేసుకుంది. ఆయన మంచివాడు, చాలా కొండలు తిప్పాడు. ఎక్కడికెళ్లినా అక్క నీళ్ల దగ్గర కాళ్లు దగ్గరికి తీసుకుని ఒద్దికగా కూర్చుంటుంది. నవ్వొస్తే ముందు చుట్టూ ఒకసారి చూసి, అప్పుడు నవ్వుతుంది.

నాన్నా, బాబాయీ పోయారు. అమ్మని ఈమధ్య అడిగాను. అనంతగిరా, మనమెప్పుడు వెళ్లామే అంది. అబద్ధమాడలేదు, నిజంగానే గుర్తులేదు. కాలం ఎవరికి మరుపు ఇవ్వాలో వాళ్లకివ్వకుండా, తప్పు చేసినవాళ్లకే ఇచ్చి ఊరుకుంది. నా కోపంలో సగం ఇప్పుడు దాని మీదే.