బత్తాయిలు పట్టుకొని కారును చూడబోయిన మనిషి

మా పెద్దనాయిన పోయిన కబురు మా కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక శుభోదయం గులాబీకీ, మెంతుల నీళ్ళ మహిమకూ నడుమ వచ్చింది. నిద్రకళ్ళతో గులాబీకి దండం బొమ్మ పెట్టబోయి కింది మెసేజీకి పెట్టాను. చదివాక చూస్తే ఆ దండం పడాల్సిన చోటే పడింది. తీయలేదు. ఆలోచించి పెట్టినా అంతకంటే సరైనది పెట్టగలిగేవాణ్ణి కాదు.

మంగళవారం పొద్దున చాయ్ తాగి, కప్పు కడిగి బోర్లించి, వచ్చి తన వైరు కుర్చీలో కూర్చొని, అట్లాగే పోయాడట. డెబ్బై నాలుగేళ్ళు. "నలభై ఏండ్లల్ల ఎన్నడు కప్పు కడగని మనిషి ఆ పొద్దు కడిగిండు. నాకు అప్పుడే అనుమానం రావల్సిండె," అంది మా పెద్దమ్మ. ఏడుస్తూనే అంది. మేం నవ్వామో ఏడ్చామో మాకే తెలియలేదు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. మల్కాజ్‌గిరిలో సొంత ఇల్లు, కింద పార్కింగు, అందులో ఒకే ఒక్క పాత స్కూటరు. ఇక నా గురించి, సందర్భానికి కావలసినంత మేరకే మనవి చేస్తాను. మెకానికల్ ఇంజినీరింగ్ చదివినవాణ్ణి. నాలుగేళ్ళలో పానా ముట్టుకోకుండా పాసైన ఘనత నాది. మొదలుపెట్టి మధ్యలో వదిలేయడంలో మా వంశంలో నాకు సాటి లేరు. గిటారు, చేపల తొట్టి, జిమ్ము, డాబా మీద టమాటాలు, అన్నీ నా చేతుల మీదుగా స్వర్గస్థులైనవే.

అటువంటి నేను కిందటేడు కార్ఖానా అనే పేటలో అద్దెకు పోర్షన్ చూడబోయి, ఇంటి వెనక షెడ్డులో ఉన్న కారును చూసి వచ్చాను. రెండే సీట్లు, మడత పడే గుడ్డ పైకప్పు, ఒకప్పుడు ఎరుపనిపించుకున్న రంగు. ఓడ మీద విలాయతు నుంచి వచ్చిన స్పోర్ట్స్ కారు, మా నాన్న కంటే పెద్దది. ఇంటి యజమాని ఒక రిటైర్డ్ డాక్టరమ్మ. ఆమె భర్త ఆ కారును పదేళ్ళు నడిపి, ఇరవై ఏళ్ళు బాగు చేస్తూ, చివరికి దాన్ని అట్లాగే ఉంచి తాను వెళ్ళిపోయారు. ప్రస్తుతం అందులో ఒక పిల్లి కాపురముంటోంది. డాక్టరమ్మ ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నారు. పోర్షన్ ఎట్లా ఉందని మా అమ్మ అడిగితే, ఎర్రగా ఉందన్నాను.

కొనాలా వద్దా అన్న ప్రశ్న ఇంట్లో ఓటింగుకు వచ్చింది. అమ్మ వద్దంది. నాన్న, "అన్న ఏమంటే గదే," అని చేతులు కడుక్కున్నాడు. కాబట్టి అంతా పెద్దనాయిన నోటి మాట మీద ఆగింది.

మొదటి ఆదివారం నేను స్కూటరు వెనక ఎక్కగానే ఆయన అడిగాడు, "ఏం తీస్కపోతున్నవ్?"

ఏం తీసుకుపోవాలన్నాను.

"రోగిని చూడనీకి పోతున్నం గద రా. ఉత్త చేతులతోని పోతరా?"

రెజిమెంటల్ బజార్ వైపు తిప్పి డజను బత్తాయిలు కొనిపించాడు. డాక్టరమ్మకేమో అనుకున్నాను. షెడ్డులోకి వెళ్ళాక రెండు తీసి, దుమ్ము తుడిచి, కారు బానెట్ మీద పెట్టాడు. మిగిలినవి ఆమె చేతికిచ్చాడు. నేను సిగ్గుతో గోడకేసి చూస్తున్నాను. డాక్టరమ్మ మాత్రం ఒక్క క్షణం బత్తాయిల్ని చూసి, జీవితమంతా రోగుల బంధువులతో గడిపిన మనిషి కదా, "పేషెంటు ఎలా ఉందంటారు?" అని గంభీరంగా అడిగారు. వాళ్ళిద్దరికీ స్నేహం కుదరడానికి అంతే పట్టింది.

ఆయన చూసే పద్ధతి వేరు. బానెట్ ఎత్తలేదు. ముందు మోకాళ్ళ మీద కూర్చొని కారు కింద నేలను చూశాడు. పళ్ళెమంత నూనె మరక ఉంది. దీని పని అయిపోయిందనుకున్నాను. ఆయన ముఖం వెలిగింది. "బండి అబద్ధమాడ్తది, అమ్మేటోడు ఆడ్తడు. నేల ఆడదు," అన్నాడు. కారుతోంది కదా అంటే, కారుతోందంటే లోపల ఇంకా ఉన్నట్టే, కారడం ఆగిన బండిని చూసి భయపడాలి అన్నాడు.

తర్వాత జేబులోంచి రుమాలులో చుట్టిన అయస్కాంతం తీశాడు. రుమాలు రంగు గీసుకుపోకుండా ఉండడానికి. దాన్ని కారు ఒళ్ళంతా మెల్లగా ఆనిస్తూ పోయాడు. ఇనుము ఉన్నచోట అది పట్టుకుంటుంది. తుప్పు తిన్న చిల్లిని లప్పంతో పూడ్చి, రంగేసి దాచినచోట పట్టు దొరక్క జారి చేతిలో పడుతుంది. ఎడమ తలుపు మీద మూడుసార్లు పడింది. ప్రతిసారీ ఆయన ఆ చోటును, పసిపిల్లల్ని తట్టినట్టు, రెండు వేళ్ళతో తట్టాడు.

ఆ పూట ఒక మహాపరాధం చేశాను. డాక్టరమ్మ ఎదుటే, "అబ్బా, ఎంత ముద్దుగుందో," అనేశాను. పెద్దనాయినకు పొలమారినంత దగ్గొచ్చింది. తిరుగు దారి పొడుగునా హితోపదేశం. అందులో నాకు గుర్తున్నది ఒకటే: రోగి ముందు ఏడ్వొద్దు, అమ్మేటోళ్ళ ముందు నవ్వొద్దు.

ఇంటికొచ్చాక అసలు మాట అడిగాను. కొనాలా, వద్దా?

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇది బండి గాదు రా. పదేండ్ల ఐతారాలు. ఉన్నయా నీ తాన?"

ఉన్నాయన్నాను, ఉదారంగా.

"ఆగు. నీ గిటార్‌ను అడిగొస్త."

అట్లా ఏడు నెలలు నడిచింది. ప్రతి ఆదివారం మల్కాజ్‌గిరి నుంచి కార్ఖానాకు స్కూటరు మీద పరామర్శ యాత్ర. ఒక వారం టైర్లు, ఒక వారం వైర్లు, ఒక వారం పిల్లి ప్రసవం. డాక్టరమ్మ బత్తాయిలు తినలేక రసం తీసి మాకే ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడప్పుడు పాత అట్టపెట్టెలోంచి భర్త దాచిన మరలూ స్ప్రింగులూ తెచ్చి చూపేవారు. పెద్దనాయిన ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య తిప్పి, ఇది ఫలానా చోటిదమ్మా అని చెప్తే, ఆమె చీటీ రాసి అంటించేవారు. ఆయన నా చేత పానా పట్టించి, నేను తప్పుగా పట్టుకున్నప్పుడల్లా నాలుకతో చిన్న చప్పుడు చేసేవాడు. మా పెద్దనాయిన తిట్లన్నీ ఆ ఒక్క చప్పుడులోనే ఉండేవి. కొనాలా అని అడిగితే మాత్రం బజారులో బత్తాయి ఎట్లుందో చెప్పేవాడు.

ఒక ఆదివారం కుండపోత. మెట్టుగూడ దగ్గర మోకాలి లోతు నీళ్ళు. మారేడ్‌పల్లిలో నా గదిలోంచి బయటపడి, సగం దూరం నడిచి, మల్కాజ్‌గిరిలో వాళ్ళ గేటు తీసేసరికి నన్ను పిండితే బకెట్ నిండేది. పెద్దనాయిన పార్కింగులో కుర్చీ వేసుకొని వానను చూస్తున్నాడు. నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. తువ్వాలు ఇచ్చి, "చాయ్ తాగు. ఇయ్యాల వద్దు," అన్నాడు. అంతే. ఇంత తడిసి వస్తే ఒక్క మెచ్చుకోలు కూడా లేదా అని నేను చాయ్‌లో బిస్కెట్ ముంచి మరీ అలిగాను.

పోయిన నెల డాక్టరమ్మ ఒక మాట చెప్పారు. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశారు, నెలాఖరుకు షెడ్డు కూల్చేస్తారు. "మీరు తీసుకెళ్తారా బాబూ, తుక్కు వాడికి చెప్పమంటారా? మీరు సరేనంటే నేను వేరే వాళ్ళతో మాట్లాడను," అన్నారు. తుక్కు అన్న మాట దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గింది. తిరుగు దారిలో స్కూటరు ఆపించి గట్టిగా అడిగాను. పెద్దనాయినా, ఇయ్యాల చెప్పు, కొనాలా వద్దా.

"వచ్చే ఐతారం చెప్త," అన్నాడు.

ఆ మంగళవారమే కప్పు కడిగి బోర్లించాడు.

పాఠకులు క్షమించాలి. తలకొరివి దగ్గర నిలబడి కూడా నా మనసులో ఒక మూల ఆ జవాబు కోసం వెతుక్కుంటూనే ఉన్నాను. అది కారు కోసం కాదు. నా దగ్గర పదేండ్ల ఆదివారాలు ఉన్నాయని ఆయన నమ్మాడా లేదా అన్నది నాకు తెలియాలి. అది చెప్పగలిగిన మనిషి ఒక్కడే.

పదకొండో రోజు భోజనాలకు వంటవాళ్ళు వచ్చారు. పొయ్యి పెట్టడానికి పార్కింగులో పరిచి ఉన్న పాత ఫ్లెక్సీని లాగారు. పెద్దమ్మ లోపలినుంచి గబగబా వచ్చింది.

"ఆడ పెట్టకుండ్రి. గా గీతల లోపట ఏం పెట్టొద్దన్నడు ఆయన."

ఏ గీతలని వెళ్ళి చూశాను. నేల మీద, గేటుకు వేయగా మిగిలిన తెల్లరంగుతో, సాఫుగా గీసిన నిలువు డబ్బా. నాకు తెలియకుండానే నా కాళ్ళు దాని వెంట నడిచాయి. ఆయన పెట్టెలోంచి టేపు తెచ్చి కొలిచాను. నా ఫోనులో కారు కొలతలున్నాయి. పొడుగు సరిపోయింది. వెడల్పు సరిపోయి, తలుపు తెరవడానికి మూడడుగులు మిగిలాయి. ఒక మూల, డబ్బాకు ఆనుకొని, ఇంకో చిన్న చదరం.

"అది దేనికి పెద్దమ్మా? పానాల పెట్టెకా?"

"కుర్చీకి," అంది. "వాడు పానా తప్పుగ పడ్తడు, దూరం కూసుంటె కనవడదన్నడు."

"ఎప్పుడు గీసిండు?"

"నువ్వు వానల నాని వచ్చినవ్ సూడు, ఆ పొద్దుగూకంగ. నడుం నొస్తదంటె ఇన్లే. పోరనికి చెప్పరాదా అంటె, ఇప్పుడే చెప్తె ఖుషీల ఉరుకుతడు, జెర ఆగనీ అన్నడు."

వంటవాళ్ళు పొయ్యిని వీధిలోకి మార్చుకున్నారు.

ఆ ఆదివారం ఒక్కణ్ణే రెజిమెంటల్ బజార్‌లో బత్తాయిలు కొన్నాను. డాక్టరమ్మ గేటు దగ్గరికొచ్చి, పెద్దాయన రాలేదేమని అడిగారు. చెప్పాను. ఆమె నా సంచిలోంచి రెండు బత్తాయిలు తీసి, చీర కొంగుతో తుడిచి, తానే వెళ్ళి బానెట్ మీద పెట్టారు. నేను తీసుకెళ్తానని అప్పుడు చెప్పాను. చీటీలు అంటించిన అట్టపెట్టె కూడా నా చేతికే ఇచ్చారు.

కారు ట్రాలీ మీద మల్కాజ్‌గిరికి వచ్చింది. పిల్లీ, దాని సంతానమూ డాక్టరమ్మ దగ్గరే ఉండిపోయాయి. నాన్నా, నేనూ, వీధిలోని మరో ఇద్దరూ కలిసి నెట్టి గీతల మధ్య నిలబెట్టాం. చుట్టూ ఒక్క గీత కూడా తొక్కలేదు. మా అమ్మ వచ్చి చూసి, దీనికంటే గిటారే నయమంది. పెద్దమ్మ వైరు కుర్చీ తెచ్చి చిన్న చదరంలో వేసి, రుమాలులో చుట్టిన అయస్కాంతాన్ని దాని మీద పెట్టి వెళ్ళింది.

మరుసటి ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి ఇంకా ఎవరూ లేవలేదు. అలవాటుగా ముందు మోకాళ్ళ మీద కూర్చొని నేలను చూశాను. కారు కింద రూపాయి బిళ్ళంత నూనె చుక్క. నీళ్ళు పోవడానికి పార్కింగు నేలకు కొంచెం వాలు పెట్టించాడు ఆయన. ఆ వాలు పట్టుకొని చుక్కలోంచి సన్నని నల్లదార ఒకటి బయల్దేరి, తెల్లగీత దాటి, మెల్లగా కుర్చీ కాళ్ళ వైపు పోతోంది.