గండం తీస్కపోయిన ఎర్ర చేప

ఇంకెన్నొద్దులు ఓర్సుకోవాలె బాపూ? మందుల కంపెనీల పని ఇడిసిపెడ్తనంటే, "ఇంటి కోసం జర ఓర్సుకోరా" అంటివి నిన్న.

చౌటుప్పల్ల కంపెనీ బస్సు కోసం నిలవడ్డ. ఎదురుంగ హోటల్ల అద్దాల డబ్బల ఎర్ర చేప తిరుగుతాంది. దోస్తులూ, చిన్నప్పుడు మా ఇంట్ల లెక్క మీ ఇండ్లల్ల గూడ టీవీ పక్కన గిట్లాంటి డబ్బ ఉండె గదా? ఆ పాకుడు వాసన, బుడబుడ చప్పుడు యాదికున్నయా? చిటికెడు గింజలేస్తే మా చేప నా ఏలు కాడికొస్తుండె. అది చచ్చి తేలిన పొద్దు నేనేడుస్తుంటే, "ఏడ్వకు బిడ్డా, మన ఇంటి గండం అది తీస్కపోయింది" అని అవ్వ సంబురపడ్డది. మాపటికే బాపు కొత్త చేపను తెచ్చిండు.

గా కంపెనీల మందుల ఘాటుకు నాకు ఊపిరాడ్తలేదు బాపూ. నాకేమన్నయితే ఎవర్ని తెస్తవ్? బస్సొచ్చింది, పోతున్న.