ఉప్పునీళ్లలో బోర్లించిన పువ్వు

మొన్న కామ్‌రేజ్‌లోని ఇంట్లో మా అమ్మాయి బ్రోకలీ పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఇల్లంతా కుళ్లిన గుడ్డు లాంటి వాసన. మా ఆవిడ కిటికీలు తెరుస్తుంటే నేను అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు రాజక్క గుర్తొస్తుంది. కూరగాయను తొందరపడకుండా చూడటం నాకు నేర్పింది ఆమే. ఆమె గురించి ఎవరడిగినా మంచి వంటమనిషి అని చెబుతూ వచ్చాను. ఆమె వంటకు చెడ్డపేరు వచ్చింది నావల్లేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు, ఆమెకు కూడా.

రాజక్క బమ్రోలిలో మాలాంటి మగ్గాల పనివాళ్లకు మెస్ నడిపేది. అందరం తెలంగాణ పల్లెల నుంచి పని కోసం ఈ పరాయి రాష్ట్రానికి వచ్చినవాళ్లమే. అక్కడ ఒక రివాజు ఉండేది. రాత్రి షిఫ్టు చేసి పొద్దున తిరిగొచ్చిన వాళ్లు పడుకునే ముందు కూరగాయలు కడిగి, తరిగి ఇవ్వాలి. చెవుల్లో మగ్గాల మోత ఇంకా తగ్గకముందే మా చేతుల్లో కత్తులు ఉండేవి.

ఒకసారి కూరగాయల బండివాడు అమ్ముడుపోని బ్రోకలీ పువ్వొకటి ఆమె సంచిలో వేసి పంపాడు. ఆమె దాన్ని కాలీఫ్లవర్‌లాగే పసుపు వేసి చాలాసేపు ఉడికించింది. రంగు చచ్చింది, వాసన మిగిలింది. "అక్కా, గిది తినుడా, బయట పారేసుడా?" అని మాతోపాటు తినే మల్లేశు ముక్కు మూసుకున్నాడు. ఎప్పుడూ ఎవరినో ఒకరిని ఆటపట్టించందే వాడికి అన్నం దిగదు.

వేరేవాళ్లయితే అంతటితో వదిలేసేవారు. రాజక్క మళ్లీ కొనుక్కొచ్చింది. పచ్చి తునక నా నోట్లో పెట్టి, "నమిలి చెప్పు తమ్మీ. చివరికి నాలుక మీద ఏమొస్తది?" అంది.

"జర ఘాటు, అక్కా."

"ఆవాల ఘాటు గది. గీ రెండింటికి ఏదో చుట్టరికం ఉన్నది."

కొన్ని ముక్కలు ఆవిరి మీద పెట్టింది, కొన్ని వెల్లుల్లితో పెనం మీద వేయించింది. ముక్క మెత్తబడకముందే, పచ్చదనం ఇంకా పోకముందే దించితే వాసనే లేదు. జ్వరమొచ్చి దవాఖానకు వెళ్లినప్పుడు కూడా తన జ్వరం సంగతి పక్కనపెట్టి డాక్టరమ్మను బ్రోకలీ గురించే అడిగింది. విటమిన్ సి ఉంటుందని, పీచు ఉంటుందని, నీళ్లలో ఎక్కువసేపు మరిగిస్తే ఆ విటమిన్ చాలావరకు పోతుందని ఆవిడ చెప్పిందట. ఆ రోజు నుంచి ఉడికించిన నీళ్లను పప్పులో పోసేది. కాడల మీది గట్టి తోలు తీసి, పల్లీలు, పచ్చిమిర్చి వేసి తొక్కు నూరేది. ముక్కు మూసుకున్న మల్లేశే ఆ తొక్కు రెండోసారి అడిగి వేయించుకునేవాడు.

కడగడం కూడా ఆమే నేర్పింది. గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పువ్వును తలకిందులుగా ముంచాలి. "మొగ్గల సందుల పచ్చ పురుగుంటది. రంగుల రంగు కలిసిపోతది, కానరాదు. ఉప్పు తగిలితే అదే బయటికొస్తది. నువ్వు జర ఓపిక పట్టాలె, గంతే."

ఒక పొద్దున నాకు ఆ ఓపిక లేకపోయింది. షిఫ్టంతా మగ్గం మీద పోగులు తెగుతూనే ఉన్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. పువ్వులు నల్లా కింద పట్టి తరిగేసి పడుకున్నాను. మధ్యాహ్నం అందరం తింటుండగా మల్లేశు తన పళ్లెం పైకెత్తాడు.

"ఇయ్యాల మాంసం కూర అని చెప్పకపోతివి అక్కా."

అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే పళ్లేలు పక్కకు జరిపారు. రాజక్క వచ్చి ఆ పళ్లెంలోని పురుగును చూసింది. ఎవరు కడిగారని అడగలేదు. "పొయ్యి మీద వేసేటప్పుడు నేనన్నా చూడాలె గదా. నా కండ్లు పోయినయ్ తమ్మీ," అంది. నా చేతిలో ముద్ద అలాగే ఉంది. దాన్ని వదిలేసి నేనూ పళ్లెం పక్కకు జరిపాను. పురుగుల మెస్ అనే పేరు పడింది. కొందరు వేరే మెస్‌కు మారారు. ఆమె మళ్లీ బ్రోకలీ తేలేదు. కొన్నాళ్లకు నేనూ అదే ఊళ్లోని ఖటోదరాలో పని దొరికి వెళ్లిపోయాను.

ఇంట్లో ఆ వాసన వచ్చిన వారమే ఒక పువ్వు కొనుక్కుని బమ్రోలి వెళ్లాను. మెస్ ఇప్పుడు కోడలు నడుపుతోంది. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతుంటే రాజక్క పక్కనే ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. నా గొంతు వినకముందే, నన్ను గడప దగ్గరే గుర్తుపట్టింది. పువ్వు చేతిలో పెడితే ఒకసారి తిప్పి చూసి కోడలికి ఇచ్చేసింది.

"నువ్వే చూడు బిడ్డా. నా కండ్లతోని గీ పని కాదు. గా పురుగొచ్చిన నాడే ఇడిసిపెట్టిన."

ఆమె పోగొట్టుకున్నది నాలుగు పళ్లేల గిరాకీ మాత్రమే అనుకున్నాను అప్పటిదాకా.

"అక్కా, నీ కండ్లకేం కాలే," అన్నాను. "ఆ పొద్దు ఉప్పునీళ్లల్ల పెట్టకుండనే కోసింది నేను. అందరి ముంగట నిన్ను అంటుంటే సప్పుడు చేయక కూసున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."

"గప్పుడు చెప్పకపోతివి గదరా," అంది రాజక్క. తర్వాత కోడలి చేతిలోంచి పువ్వు తీసుకుని, వెలుతురులో పట్టుకుని, వేలితో మొగ్గలు ఒక్కొక్కటే విడదీస్తూ లోపలికి చూడసాగింది.

"నీళ్లు పట్టుకరాపో," అంది, తల ఎత్తకుండానే. "ఉప్పు నేనేస్త."